బెల్లం పరమాన్నం విరగకుండా, మెతుకు పలుకు లేకుండా

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి. పెళ్లయ్యాక పుణెలో స్థిరపడ్డాం. వచ్చే నెలలో మా పాపకి అన్నప్రాశన. ఊరి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు, మా అన్నయ్య వస్తున్నారు. పరమాన్నం నా చేత్తోనే వండాలని ఉంది. కానీ వరలక్ష్మీ వ్రతం నాడు బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయి. ఆ భయంతో తర్వాతిసారి నీళ్లలోనే బియ్యం, బెల్లం కలిపి ఉడికించి చివర్లో పాలు పోశాను. ఎంతసేపు ఉంచినా మెతుకు పలుకుగానే ఉంది, సాయంత్రానికి గడ్డ కట్టింది. మావారు పంచదార వేసెయ్యమంటున్నారు. పక్కింటావిడ కండెన్స్‌డ్ మిల్క్ పోయమంటోంది. మామయ్యగారికి షుగర్, ఆయనకి కొర్రలతో చేయొచ్చా? అందరి ముందు మళ్లీ పాడైతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, పుణె

సమాధానం:

అమ్మా, పంచదార జోలికి వెళ్లకండి. అన్నప్రాశనకి బెల్లం పరమాన్నమే వండండి, మీకు తప్పకుండా కుదురుతుంది. మీకు ఎదురైన ఇబ్బందులు రెండూ బెల్లం ఎప్పుడు కలిపారన్న దాని దగ్గరే వచ్చాయి. మొదటిసారి మరుగుతున్న పాలల్లో వేశారు, విరిగాయి. రెండోసారి మెతుకు మెత్తబడక ముందే వేశారు, బియ్యం ఉడకలేదు. అన్నం పూర్తిగా ఉడికి, పొయ్యి ఆర్పేసి, గిన్నె వేడి కాస్త తగ్గాక బెల్లం కలిపితే రెండూ జరగవు.

పాలు ఎందుకు విరుగుతాయో తెలిస్తే భయం పోతుంది కాబట్టి అది ముందు చెబుతాను. తాజా పాల పీహెచ్, అంటే పులుపు పెరిగేకొద్దీ దిగే కొలత, 6.6, 6.7 దగ్గర ఉంటుంది. చల్లటి పాలు విరగాలంటే అది 4.6 దాకా దిగాలి, అంటే పెరుగంత పులుపు ఎక్కాలి. మరుగుతున్న పాలకి అంత అక్కర్లేదు. కొద్దిపాటి పులుపు తగిలినా చాలు, తరకలు తరకలుగా విడిపోతాయి. బెల్లంలో ఆ కొద్దిపాటి పులుపు ఉంటుంది. చెరకు రసం సహజంగానే కాస్త ఆమ్లం. అందుకే బెల్లం వండేచోట రసంలో సున్నం వేసి ఆ పులుపు తగ్గిస్తారు. సున్నం తగ్గిన బెల్లమైనా, పాతబడి చెమ్మ పట్టి లోపల పులవడం మొదలైన బెల్లమైనా పాలని విరిచేస్తుంది.

ఇంకో విషయం, మీకు పాలు విరిగింది శ్రావణంలో. కొత్త బెల్లం చెరకు నరికే కాలంలో వస్తుంది, దసరా దాటాక మొదలై సంక్రాంతికి అంగళ్లు నిండుతాయి. శ్రావణం నాటికి కొట్టుల్లో ఉన్నది చాలావరకు నిల్వ సరుకే. పైగా వానాకాలం గాలికి అది చెమ్మ పీల్చి జిగటగా కారుతుంటుంది. పండగలన్నీ ఆ నెలలోనే, పాలు విరిగాయన్న బాధా ఆ నెలలోనే ఎక్కువ. మీ అత్తయ్యగారు ఊళ్లో రథసప్తమికి తులసికోట దగ్గర పిడకల మీద పాలు పొంగించి, అందులోనే బియ్యం, బెల్లం వేసి వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టి ఉంటారు. అది విరగదు. మాఘ మాసం నాటి కొత్త బెల్లం, అప్పుడే పితికిన పాలు, సన్నటి పిడకల సెగ, మూడూ ఆవిడకి కలిసొస్తాయి. మీకు అవేవీ లేవు. ఆవిడ పద్ధతి మీ దగ్గర పనిచేయలేదంటే మీ చేతిలో లోపం ఉన్నట్టు కాదు.

కాబట్టి ముందు బెల్లం చూసుకోండి. తెలుగువాళ్లం కాబట్టి అనకాపల్లి బెల్లం కోసం వెతకనక్కర్లేదు, మీకు దగ్గర్లోనే కొల్హాపూర్ బెల్లం ఉంది, మంచి పేరున్నది. చిక్కీల కోసం విడిగా అమ్మే జిగురు బెల్లం మాత్రం తీసుకోకండి. మరీ పసుపు పచ్చగా మెరిసే అచ్చు కంటే తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉన్నది నయం. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వాడేవాళ్లు ఉన్నారు. అయితే నల్లగా ఉన్నదల్లా మంచి బెల్లం అనుకోవద్దు, పాతబడినా నల్లబడుతుంది. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. తీపి వెనకాల ఉప్పగానో పుల్లగానో తగిలితే ఆ బెల్లం పరమాన్నానికి పనికిరాదు, పులుసుల్లో వాడుకోండి.

ఆ తర్వాత ఈ చిన్న పరీక్ష. ఇది మానొద్దు. చిన్న గిన్నెలో పావు గ్లాసు పాలు మరిగించి, పొయ్యి మీద ఉండగానే పెద్ద చెంచా బెల్లం తురుము వేసి కలపండి. గరిటె పైకెత్తి దాని వెనక వైపు చూడండి. పాలు గరిటెకి నున్నగా పట్టుకుంటే బెల్లం మంచిది. గరిటె మీద సన్నటి తెల్ల పలుకులు, వాటి మధ్య నీళ్లలాంటి పచ్చటి రసం కనిపిస్తే విరిగినట్టే. మరిగే పాలకే తట్టుకున్న బెల్లం గోరువెచ్చటి దాంట్లో ఎటూ ఏమీ చేయదు. తట్టుకోకపోతే ఇంకో కొట్టులో తెచ్చి చూడండి. పాలు కూడా అదే రోజు తేదీ ఉన్న పాకెట్‌వి తీసుకోండి. గడువు దగ్గరపడ్డ పాలల్లో అప్పటికే పులుపు మొదలై ఉంటుంది, అప్పుడు బెల్లాన్ని అని లాభం లేదు. ఫుల్ క్రీమ్ పాలైతే 6 శాతం వెన్న ఉంటుంది, టోన్డ్ పాలల్లో 3 శాతమే. పరమాన్నానికి మొదటివే బాగుంటాయి.

ఇక మెతుకు సంగతి. బియ్యం ఉడకడమంటే గింజ లోపలి పిండి నీళ్లు తాగి ఉబ్బడం. తీపి ఆ నీళ్లని తనవైపు లాగేసుకుంటుంది. దాంతో గింజకి ఉడకడానికి ఇంకా ఎక్కువ వేడి, ఎక్కువసేపు కావాలి. మెతుకు ఏ స్థితిలో ఉండగా బెల్లం పడిందో దాదాపు ఆ స్థితిలోనే నిలిచిపోతుంది. రెండోసారి మీరు చూసింది అదే. అందుకే బెల్లం వేసే ముందు అన్నం 'సరిగ్గా ఉడికింది' అనిపిస్తే చాలదు, మామూలుగా మనం తినే అన్నం కంటే ఇంకా మెత్తగా, మెతుకు చితికిపోయేలా ఉండాలి.

బియ్యం విషయంలో మీరు అదృష్టవంతులు. అన్నం పొడిపొడిగా రావాలని మనం పాత బియ్యం కొంటాం, పరమాన్నానికి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మన ఊళ్లలో సంక్రాంతికి కొత్త బియ్యంతో వండేది ఇందుకే, అవి త్వరగా మెత్తబడి పాలల్లో కలిసిపోతాయి. పుణెలో ఇంద్రాయణి, అంబేమోహర్ బియ్యం ప్రతి కొట్టులో ఉంటాయి. రెండూ మెత్తగా అంటుకునే రకాలు, మంచి వాసన. వాటిలో ఏదైనా తీసుకోండి. ఇంట్లో ఉన్న పాత సాంబ మసూరితోనూ చేయొచ్చు, కాస్త ఎక్కువసేపు నానబెట్టి ఇంకో గ్లాసు నీళ్లు కలపాలి. బాస్మతి మాత్రం వద్దు, అది ఎంత ఉడికినా విడివిడిగానే ఉంటుంది.

పదీ పన్నెండు మందికి చిన్న కప్పుల్లో పెట్టడానికి ఒక గ్లాసు బియ్యం, అంటే 200 గ్రాములు చాలు. రెండు చెంచాల పెసరపప్పు, లీటరు పాలు, రెండు గ్లాసుల నీళ్లు, 300 గ్రాముల బెల్లం, ఐదారు చెంచాల నెయ్యి. ఇవి కాక ఇంకో గ్లాసు పాలు కాచి పక్కన ఉంచుకోండి, దాని అవసరం తర్వాత చెబుతాను.

బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. పెసరపప్పుని అర చెంచా నెయ్యిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి, రంగు మారనక్కర్లేదు. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె తీసుకోండి. మీ అమ్మగారిచ్చిన ఇత్తడి గిన్నె ఉంటే, లోపల కళాయి పూత బాగుంటే, అంతకంటే మంచిది లేదు. గిన్నె అడుగున కాసిని నీళ్లు పోసి ఆ తర్వాత పాలు పోస్తే అంత త్వరగా అడుగంటవు. పాలు పొంగు వచ్చాక మంట తగ్గించి నీళ్లు, బియ్యం, పప్పు వేయండి. అక్కడి నుంచి సన్న సెగే. నలభై, నలభై ఐదు నిమిషాలు పడుతుంది. మొదటి పావుగంట అప్పుడప్పుడు కలిపితే చాలు. చిక్కబడ్డాక మాత్రం గిన్నె దగ్గరి నుంచి కదలకండి, గరిటె అడుగుదాకా వెళ్లాలి. ఒకవేళ మాడు వాసన తగిలితే అడుగు గీకకండి. గరిటె పెట్టకుండా పైదంతా ఇంకో గిన్నెలోకి వంచేసి అక్కడి నుంచి కొనసాగించండి, వాసన చాలావరకు రాదు.

టైము లేకపోతే కుక్కర్ వాడుకోవచ్చు, తప్పేమీ లేదు. బియ్యం, పప్పు మూడు గ్లాసుల నీళ్లతో నాలుగైదు విజిల్స్ రానిచ్చి, గరిటెతో మెదిపి, కాచిన పాలు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. పాలని మాత్రం కుక్కర్లో మూతపెట్టి ఉడికించకండి, పొంగి విజిల్లోంచి చిమ్ముతాయి. రుచికి నేను గిన్నెలో వండినదానికే ఓటేస్తాను. పాలు నెమ్మదిగా ఇగిరినప్పుడు వచ్చే కోవా లాంటి కమ్మదనం కుక్కర్లో రాదు.

ఉడికిందో లేదో మెతుకుని చూసి తేల్చుకోండి, గడియారం చూసి కాదు. ఒక మెతుకు తీసి కాస్త చల్లార్చి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కండి. మధ్యలో తెల్లటి చుక్కలా గట్టిగా ఏమీ తగలకుండా, నొక్కగానే వెన్నలా పరుచుకోవాలి. ఆ చుక్క తగిలితే ఇంకో కప్పు వేడి పాలో నీళ్లో పోసి ఉడికించండి. అయిందనుకున్నాక గరిటె వెనకతో గిన్నె అంచుకి నాలుగుసార్లు మెదపండి. గంజి పాలల్లో కలిసి ఎంత చిక్కబడితే విరిగే అవకాశం అంత తగ్గుతుంది. ఇప్పుడు పొయ్యి ఆర్పేసి మూత పెట్టకుండా పది, పదిహేను నిమిషాలు వదిలేయండి.

ఈలోపు బెల్లం. చితక్కొట్టి అర గ్లాసు నీళ్లతో కరిగించి, ఒక్క పొంగు రానిచ్చి సన్న జల్లెడలోనో పల్చటి గుడ్డలోనో వడకట్టండి. తీగ పాకం అక్కర్లేదు. గుడ్డలో మిగిలింది ఒకసారి చూడండి, చెరకు పిప్పి ఈనెలు, నల్లటి రేణువులు, అడుగున ఇసుక. ఇది చూశాక బెల్లం తురిమి నేరుగా వేయడానికి ఇక మనసొప్పదు, అందులోనూ పసిపాప నోటికి పెట్టేదానిలో. బెల్లం నీళ్లు గోరువెచ్చగా అయ్యాక, అన్నం గిన్నె పక్కన చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడికి వచ్చాక, కలుపుతూ మూడు విడతలుగా పోయండి. పోశాక మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. ఇంకో రెండు నిమిషాలు ఉడికిద్దాం అనిపిస్తుంది, చాలామందికి విరిగేది ఆ రెండు నిమిషాల్లోనే.

నెయ్యి వేడిచేసి ముందు కొబ్బరి ముక్కలు, తర్వాత జీడిపప్పు, చివర్లో కిస్‌మిస్ వేయించి, యాలకుల పొడితో పాటు కలపండి. కిస్‌మిస్‌లోనూ పులుపు ఉంటుంది కాబట్టి పాలు మరిగేటప్పుడు వేయొద్దు.

చిటికెడు వంటసోడా వేస్తే పాలు విరగవని మీకు ఎవరైనా చెప్పొచ్చు. నిజమే, సోడా పులుపుని చంపుతుంది. కానీ కాస్త ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది, మంచి బెల్లం ఉన్నప్పుడు దాని అవసరమే లేదు. కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి దగ్గరగా పంచదారే. దాని తీపి ముందు బెల్లం వాసన నిలబడదు. పంచదార పరమాన్నం కూడా బాగుంటుంది, కాదనను, విరిగే భయం కూడా లేదు. కానీ మీరు చిన్నప్పటి నుంచి తిన్న రుచి, మీ అమ్మాయికి తొలిసారి తగలాలనుకుంటున్న రుచి బెల్లానిది. చిన్న జాగ్రత్తతో వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి?

సాయంత్రానికి గడ్డ కట్టడం మీ తప్పు కాదు, అది బియ్యం స్వభావం. ఉడికిన పిండి చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే మరీ. అందుకని దించేటప్పుడు 'కాస్త పల్చగా ఉందే' అనిపించేలా దించండి, వడ్డించే వేళకి సరిపోతుంది. అప్పటికీ గట్టిపడితే పక్కన ఉంచుకున్న గ్లాసు పాలు గోరువెచ్చగా చేసి కొంచెం కొంచెంగా కలపండి. వేడి చేయాలంటే నేరుగా మంట మీద వద్దు, వేడినీళ్లు ఉన్న వెడల్పాటి గిన్నెలో ఈ గిన్నె పెట్టండి.

పాప గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆడపిల్లకి బేసి నెలలో, ఐదులోనో ఏడులోనో చేయడం మనవాళ్ల ఆనవాయితీ. ఆరు నెలలు నిండాకే పైఆహారం మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడో నెలలో పెట్టుకుంటే పెద్దల మాటా, డాక్టర్ మాటా రెండూ దక్కుతాయి. రెండేళ్లు నిండేదాకా పిల్లలకి తీపి అలవాటు చేయొద్దని పిల్లల డాక్టర్లు అంటారు. కాబట్టి మేనమామ ఉంగరంతో నాలుకకి తగిలించేంత చాలు. అది కూడా మెదిపి వడకట్టినది, జీడిపప్పు తునక లేకుండా. పచ్చకర్పూరం మాత్రం పరమాన్నంలో అసలు వేయకండి. పెద్దవాళ్లకి చిటికెడు వాసన కోసం బాగుంటుంది గానీ కర్పూరం పసిపిల్లలకి విషం లాంటిది. ఎవరైనా ముద్దుగా తేనె చుక్క నాకిద్దామంటే వద్దని గట్టిగా చెప్పండి, ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం. ఈ విషయాల్లో మొహమాటపడొద్దు.

మామయ్యగారి కోసం కొర్రలు అన్నారు. కొర్రలతో పరమాన్నం చాలా బాగుంటుంది. ముందురోజు రాత్రే నానబెట్టి, ఒకటికి మూడు నీళ్లతో మెత్తగా ఉడికించి, ఆ తర్వాత పాలు పోసి చిక్కబరచి, బెల్లం పైన చెప్పినట్టే చివర్లో కలపాలి. కానీ షుగర్ ఉన్నవారికి ఇది మందు అని మాత్రం అనుకోవద్దు. కొర్రల్లో పీచు ఉంటే ఉండొచ్చు, మీద పడే బెల్లం బెల్లమే. రక్తంలో చక్కెర పెంచే విషయంలో దానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. కొర్రలని నమ్మి ఆయన రెండు కప్పులు తింటే అసలుకే మోసం. దీనికంటే మేలైన దారి ఒకటి ఉంది. మీ బియ్యం పరమాన్నంలోనే బెల్లం కలపక ముందు రెండు చిన్న గిన్నెలు పక్కకి తీయండి. ఒకదానిలో పేరుకి నాలుగు చుక్కల బెల్లం నీళ్లు, అది పాపకి. రెండోదానిలో యాలకుల పొడి, నాలుగు జీడిపప్పులు, ఒక్క చెంచా బెల్లం నీళ్లు, అది మామయ్యగారికి. ఆ పూట ఆయన మామూలు అన్నం ఆ మేరకు తగ్గించుకోవాలి. అన్ని గిన్నెలూ కలిపి నైవేద్యం పెడితే ఆయనకి విడిగా వండారన్న మాట రాదు, ఒకటే ప్రసాదం అందరూ తిన్నట్టు ఉంటుంది.

నైవేద్యం అన్నాక ఒక చిక్కు ఉంది. దేవుడికి పెట్టేదాకా రుచి చూడకూడదు కదా. తీపి సరిపోయిందో లేదో ఆ రోజు మీకు తెలిసే దారి లేదు. అందుకే బెల్లం చేత్తో ఉజ్జాయింపుగా కాకుండా తూచి వేయమంటున్నాను. అన్నప్రాశనకి వారం ముందు సగం కొలతతో ఒకసారి వండి చూడండి. అదే బెల్లం, అదే బియ్యం, అదే గిన్నె. తీపి మీ ఇంటివాళ్లకి ఎంత కావాలో అప్పుడే తేలిపోతుంది. ఆ బెల్లాన్నే గాలి తగలని డబ్బాలో దాచి ఆ రోజుకి వాడండి, చివరి నిమిషంలో కొత్త అచ్చు కొనొద్దు.

బెల్లం నీళ్లు ముందురోజు రాత్రే వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, పొద్దున్నే గోరువెచ్చగా చేసుకుంటే సరి. ముహూర్తానికి రెండు గంటల ముందు బియ్యం నానబెట్టి, గంటన్నర ముందు పాలు పొయ్యి మీద పెట్టండి. గిన్నె దగ్గర నిలబడాల్సిన ఆ నలభై నిమిషాలు పాపని అత్తయ్యగారి చేతికి ఇవ్వండి. అంతకీ పాలు విరిగితే పారబోయకండి. నెయ్యి వేసి సన్న సెగ మీద దగ్గరకి రానిస్తే కలాకండ్‌లా పలుకుపలుకుగా బాగానే ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. నైవేద్యానికి, పాపకి మాత్రం ముందే తీసిపెట్టిన ఆ రెండు చిన్న గిన్నెలు ఎటూ ఉన్నాయి.